కెనడా చిన్న ఊళ్ల మీదుగా ఆర్‌వీ ప్రయాణం: ఏ దారి, ఏ బండి, ఎవరికి?

ఆర్‌వీ, అంటే మంచాలు, వంటగది ఉన్న ఇంటిబండిలో ప్రయాణం అనుకోగానే మన ఇళ్లలో మొదట జరిగే పని బండి బొమ్మలు చూడటం. ముప్పై అడుగుల మోటార్‌హోమ్, లోపల సోఫా, వంటగది, మంచాలు చూసి పిల్లలు ఎగిరి గంతేస్తారు. పెద్దలు డబ్బు కట్టేస్తారు. ఎక్కడికి వెళ్లాలన్న చర్చ ఆ తర్వాత మొదలవుతుంది. అందరూ రాకీ పర్వతాల్లోని బ్యాన్ఫ్ అంటారు. జులైలో అక్కడ చోటు దొరకదని, దొరికిన చోట అంత పొడవు బండి పట్టదని తీరిగ్గా తెలుస్తుంది. నా సలహా దీనికి తలకిందులు: ముందు ఎక్కడెక్కడ ఆగాలో తేల్చుకోండి, తర్వాత దారి, చిట్టచివర బండి.

ఎందుకంటే ఆర్‌వీ సుఖమంతా ఆగిన చోటే. నగరంలో అది గుదిబండ. చిన్న ఊళ్లో సంగతి వేరు. పశ్చిమ కెనడాలో వెయ్యి మంది కూడా లేని ఊళ్లకు సైతం చాలావాటికి సొంత క్యాంప్‌గ్రౌండ్ ఉంటుంది. మున్సిపాలిటీయో స్థానిక సేవా సంఘమో దాన్ని నడుపుతుంది. ఒక కరెంటు స్తంభం, ఒక కుళాయి, చెక్క బల్ల, నెగడు వేసుకునే గుంట. బేకరీ, మ్యూజియం, ఈతకొలను, పిల్లల ఆటస్థలం అన్నీ నడిచి వెళ్లే దూరంలోనే. కొన్నిచోట్ల గేటు దగ్గర మనిషి కూడా ఉండడు. కవరులో డబ్బు పెట్టి, దాని మీద బండి నంబరు రాసి, అక్కడున్న పెట్టెలో వేయాలి, అంతే. అందుకే చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి. బండిని ఒకసారి నిలిపితే రెండు రోజులపాటు తాళం చెవి ముట్టుకోనక్కర్లేని ఊళ్లు ఏవో వాటినే ఎంచుకోవాలి. కింద చెప్పే దారులన్నిటినీ ఈ కొలమానంతోనే చూశాను.

ఆర్‌వీ చవకా?

కాదు. హోటల్ ఖర్చు మిగులుతుంది, వంట మనమే చేసుకుంటాం కాబట్టి చవక అన్న లెక్క చాలామంది చెబుతారు. కాగితం మీద పెట్టి చూస్తే అది నిలవదు. రోజు అద్దె ఒకటి. దాని మీద కిలోమీటర్ల రుసుము, బీమా, బండిని సిద్ధం చేసి ఇచ్చినందుకు మరో రుసుము, జనరేటర్ నడిపితే గంటకింత, వీటన్నిటి మీద పన్ను. రాత్రి నిలపడానికి క్యాంప్‌గ్రౌండ్ అద్దె వేరే. ఇంధనం సంగతి చూడండి: 25 అడుగుల మోటార్‌హోమ్ 100 కిలోమీటర్లకు 20 నుంచి 25 లీటర్ల పెట్రోలు తాగుతుంది. 1,500 కిలోమీటర్ల ప్రయాణానికి 300 నుంచి 375 లీటర్లు. అదే దూరం సొంత మినీవ్యాన్‌లో వెళ్తే 150 లీటర్లతో పని అయిపోతుంది. నలుగురున్న కుటుంబానికి సొంత కారు, రాత్రికో మోటెల్ గది కలిపినా చాలాసార్లు ఆర్‌వీ కంటే తక్కువకే తేలుతుంది.

కాబట్టి ఆర్‌వీ తీసుకోవడానికి డబ్బు కాకుండా వేరే కారణం ఉండాలి. చంటిపిల్ల మధ్యాహ్నం తన మంచంలోనే పడుకోవాలి. తాతయ్యకు మధుమేహం, గంటకోసారి బాత్రూమ్ కావాలి. నానమ్మ బయట తిండి ముట్టరు. ఇలాంటివి రెండు ఉన్నా ఆర్‌వీ సార్థకమే. ఒక్కటీ లేదంటే కారులో వెళ్లి క్యాబిన్లలో దిగండి. జాతీయ పార్కుల్లో ఓటెంటిక్ అని గుడారానికీ చెక్క ఇంటికీ మధ్యస్థంగా ఉండే బసలు ఉంటాయి. మంచాలు, పరుపులు అందులోనే ఉంటాయి, దుప్పట్లు మాత్రం మనమే పట్టుకెళ్లాలి. ఆరుబయట ఉన్న సరదా తీరుతుంది, మురుగు ట్యాంకులు కడిగే పని ఉండదు.

ప్రెయిరీ దారి: కాల్గరీ నుంచి గ్రాస్‌ల్యాండ్స్ దాకా

ప్రెయిరీ అంటే పశ్చిమ కెనడా గడ్డిమైదానాలు. మొదటిసారి ఆర్‌వీ నడిపేవారికి నేను నిస్సంకోచంగా చెప్పే దారి ఇదే. మనవాళ్లలో ఎక్కువమంది పట్టించుకోని దారి కూడా ఇదే. కొండలు కనిపించవు కదా అని పెదవి విరుస్తారు. కాల్గరీలో బండి తీసుకుని డ్రమ్‌హెల్లర్, డైనోసార్ ప్రొవిన్షియల్ పార్కు, మెడిసిన్ హ్యాట్, మేపుల్ క్రీక్, ఈస్టెండ్, వాల్ మరీ చూసుకుని స్విఫ్ట్ కరెంట్ దగ్గర ఒకటో నంబరు రహదారి ఎక్కి తిరిగి వస్తే దాదాపు 1,500 కిలోమీటర్లు. పది రోజులుంటే హాయిగా, ఎనిమిదైతే కొంచెం ఇరుకుగా.

మొదటి మజిలీ డ్రమ్‌హెల్లర్ కాల్గరీకి 135 కిలోమీటర్లే. కొత్త బండి అలవాటు కావడానికి ఆ దూరం సరిగ్గా సరిపోతుంది. చదునైన పొలాల మధ్య వెళ్తుండగా నేల ఉన్నట్టుండి లోయలోకి దిగిపోతుంది, చారల చారల మట్టికొండలు ఎదురవుతాయి. 1985లో తెరిచిన రాయల్ టిరెల్ మ్యూజియం ఇక్కడిదే. డైనోసార్ల పిచ్చి ఉన్న పిల్లలకు ఒక పూట చాలదు. ఊరి మధ్యలో 26 మీటర్ల ఎత్తున్న డైనోసార్ బొమ్మ ఉంది, లోపల 106 మెట్లెక్కి దాని నోట్లో నిలబడవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవారు కింద నిలబడి ఫోటోలు తీయవచ్చు.

తర్వాత డైనోసార్ ప్రొవిన్షియల్ పార్కు. బ్రూక్స్ పట్టణానికి ఈశాన్యంగా ఉంది. 1979 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. క్యాంప్‌గ్రౌండ్ లోయ అడుగునే ఉండటం దీని విశేషం. సాయంత్రం మట్టికొండల రంగులు మారుతుంటే బండి ముందు కుర్చీ వేసుకుని చూడొచ్చు. కాల్గరీ నుంచి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవారికి ఇది దక్కదు.

మేపుల్ క్రీక్ పాత పశువుల పట్టణం. ఇటుక భవనాలున్న వీధి, గుర్రపు జీన్లమ్మే దుకాణాలు, కాఫీ. దానికి దక్షిణాన సైప్రెస్ హిల్స్. చుట్టూ ఎండిన గడ్డినేల మధ్య ఒక్కసారిగా పైన్ చెట్ల అడవి, చల్లగాలి. రాకీ పర్వతాలకూ తూర్పు తీరంలోని లాబ్రడార్‌కూ మధ్య ఇంతకంటే ఎత్తైన చోటు లేదు. పార్కు సస్కాచెవాన్, ఆల్బెర్టా రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ఒక జాగ్రత్త: పార్కు పడమటి భాగాన్నీ మధ్య భాగాన్నీ కలిపే గ్యాప్ రోడ్ మ్యాపులో దగ్గరి దారిలా కనిపిస్తుంది. అది మట్టిరోడ్డు. వాన పడితే ట్రక్కులే కూరుకుపోతాయి, మోటార్‌హోమ్ మాట చెప్పనక్కర్లేదు.

ఈస్టెండ్ ఇంకా చిన్నది, కొన్ని వందల మంది ఉండే ఊరు. 1991లో అక్కడి హైస్కూల్ ప్రిన్సిపల్ ఒకరు పరిశోధకులతో కలిసి తిరుగుతూ ఒక ఎముక చూశారు. అది ‘స్కాటీ’ అనే టైరనోసారస్ రెక్స్‌ది. ఇప్పటిదాకా దొరికిన టి. రెక్స్‌లలో అతి భారీవాటిలో ఒకటిగా దానికి పేరు. ఊరి పక్క కొండలోకి ఒదిగినట్టు కట్టిన టి. రెక్స్ డిస్కవరీ సెంటర్ వేసవిలో తెరిచి ఉంటుంది. డ్రమ్‌హెల్లర్ మ్యూజియం ముందు ఇది చిన్నదే. కాని జనం తక్కువ, అడిగిన ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పే మనుషులుంటారు. పిల్లలకు ఏది ఎక్కువ గుర్తుంటుందో నన్నడిగితే ఈస్టెండే అంటాను.

వాల్ మరీ గ్రాస్‌ల్యాండ్స్ జాతీయ పార్కుకు పడమటి వాకిలి. కెనడాలో ప్రెయిరీ డాగ్‌లు సహజంగా బతుకుతున్న చోటు ఈ ప్రాంతం ఒక్కటే. కుక్క అన్న పేరు చూసి మోసపోకండి, ఉడుత జాతి జంతువు. 2005లో అడవిదున్నలను తిరిగి తెచ్చి వదిలారు. రాత్రి వెలుతురు కాలుష్యం లేని ఆకాశానికి ఈ పార్కు పేరు పొందింది. అయితే జూన్‌లో చీకటి పడేసరికి పదిన్నర దాటుతుంది, అప్పటికి పిల్లలు నిద్రలో ఉంటారు. నక్షత్రాల కోసమే అయితే ఆగస్టు చివర మేలు.

ఈ దారిలో మనవాళ్లకు మరో లంకె ఉంది. కెనడాలో పండే మసూర్ పప్పులో అత్యధిక భాగం సస్కాచెవాన్‌దే. భారత్ దాన్ని పెద్దయెత్తున కొంటుంది. ఆవాల పంటలోనూ కెనడాలో ఈ రాష్ట్రానిదే పైచేయి. మన పోపు డబ్బాలో సగం ఇక్కడ పొలాల్లో నిలబడి కనిపిస్తుంది. వ్యవసాయం చేసిన నాన్నగారినో మామగారినో ఈ దారిలో తీసుకెళ్తే డైనోసార్లను పక్కన పెట్టి పొలం గట్టున దిగుతారు. ఎకరానికి ఎంత పండుతుంది, కూలీలు లేకుండా ఎలా కోస్తారు అంటూ రైతును మాటల్లో దించుతారు, మనం దుబాసీ పని చేయాలి. జులై మొదటి, రెండు వారాల్లో నూనెగింజల పంట కనోలా పసుపు పూలు, నీలి అవిసె పూలు ఒకేసారి చూడొచ్చు.

లోపాలూ చెప్పాలి. నీడ తక్కువ, గాలి ఎక్కువ. పక్కగాలి కొడితే ఎత్తైన బండి లేన్‌లో నిలవడానికే అవస్థ పడుతుంది. అలాంటి రోజు వేగం 80కి తగ్గించండి, మరీ ఎక్కువైతే ఆగిపోండి. మధ్యాహ్నం ఎండ మండి సాయంత్రానికి వడగళ్లు పడటం మామూలే. బండి పక్కకు తెరుచుకునే నీడపందిరిని విప్పి ఉంచి నడకకు వెళ్తే తిరిగొచ్చేసరికి అది విరిగి ఉండొచ్చు, ఆ మరమ్మతు బిల్లు మీదే. 13వ నంబరు రహదారి, అంటే 1874లో ఎర్రకోటు పోలీసులు పడమరకు సాగిన కవాతు పేరుతో పిలిచే రెడ్ కోట్ ట్రయిల్, కొన్నిచోట్ల గుంతలమయం. గ్రాస్‌ల్యాండ్స్ లోపలి రోడ్డు కంకరది. అద్దె ఒప్పందాల్లో చాలావరకు కంకర రోడ్డు నిషేధం, క్యాంప్‌గ్రౌండ్‌కు వెళ్లే చివరి ముక్కకు మాత్రం మినహాయింపు ఇస్తారు. ఫలానా పార్కుకు వెళ్తున్నామని బండి తీసుకునేటప్పుడే చెప్పి, అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

కూట్నీ దారి: అందం ఎక్కువ, చెమటలూ ఎక్కువ

వాంకూవర్ వైపు కుటుంబాలు సహజంగా ఇటే, బ్రిటిష్ కొలంబియా కొండల వైపే చూస్తాయి. హోప్ దగ్గర మూడో నంబరు రహదారి పట్టుకుని కెరెమియోస్, ఒసోయూస్, గ్రీన్‌వుడ్, నెల్సన్ మీదుగా కాస్లో, న్యూ డెన్వర్, నకుస్ప్. నేను పెట్టుకున్న కొలమానం ప్రకారం ఈ చివరి మూడు ఊళ్లే కెనడాలో ఉత్తమమైనవి. మూడూ సరస్సు ఒడ్డున ఉన్నాయి. మూడింటికీ ఊరి క్యాంప్‌గ్రౌండ్ ఉంది, అక్కడి నుంచి ప్రధాన వీధికి నడిచి వెళ్లొచ్చు. కాస్లోలో 1898 నాటి మోయీ అనే ఆవిరి పడవను ఒడ్డున నిలిపి మ్యూజియం చేశారు, పిల్లలు ఇంజిన్ గదిదాకా వెళ్లి చూడొచ్చు. న్యూ డెన్వర్‌లో మరో రకమైన చరిత్ర ఉంది: 1942లో జపాన్ మూలాలున్న కెనడియన్లను తీరం నుంచి తరలించి ఉంచిన శిబిరం తాలూకు గుడిసెలు, ఆ చరిత్రను చెప్పే స్మారక కేంద్రం. పదేళ్లు దాటిన పిల్లలకు తప్పక చూపించాలి. నకుస్ప్ దగ్గర వేడినీటి బుగ్గలున్నాయి, పెద్దవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. కెరెమియోస్ రోడ్డు పక్క పండ్ల దుకాణాల్లో జులైలో చెర్రీలు, ఆగస్టులో పీచ్‌లు పెట్టెల కొద్దీ. ఈ ప్రాంతంలో సరస్సులు దాటించే ప్రభుత్వ ఫెర్రీలకు టికెట్ లేదు. బాల్ఫర్ దగ్గర కూట్నీ సరస్సు దాటడానికి అరగంటకు పైగా పడుతుంది, ఒక్క డాలరు కట్టనక్కర్లేదు.

అయినా దీన్ని మొదటి ప్రయాణానికి చెప్పను. ఒసోయూస్ నుంచి తూర్పుకు ఎక్కే ఘాట్, సాల్మో, క్రెస్టన్‌ల మధ్య 1,775 మీటర్ల ఎత్తున్న కూట్నీ పాస్, దిగుడులో బ్రేకులు కాగకుండా చిన్న గేరులో రావడం, ఇవన్నీ కొత్తవారికి భారమే. కొండమలుపుల్లో వెనక కూర్చున్నవాళ్లకు వాంతులు మరో తలనొప్పి. జులై చివరి నుంచి కార్చిచ్చుల భయం ఉంది. మంట దూరాన ఉన్నా పొగ వారాల తరబడి లోయల్లో నిలిచిపోతుంది, ఆస్తమా ఉన్నవారికి అది చాలు ప్రయాణం పాడవడానికి. జూన్ రెండో సగంలో వెళ్లగలిగితే ఈ దారికి సాటి లేదు. ఎలుగులుండే నేల కనుక తిండి సామాను, చెత్త ఏదీ బయట బల్ల మీద వదలకూడదు.

అట్లాంటిక్ వైపు: నోవా స్కోషియా

చేపలు తినే కుటుంబమా? అయితే ఈ దారి. హాలిఫాక్స్‌లో బండి తీసుకుని లూనెన్‌బర్గ్, ఆపై కేప్ బ్రెటన్. లూనెన్‌బర్గ్ 1995 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న పాత ఓడరేవు. ఇళ్లకు ఎరుపు, పసుపు, నీలం రంగులు. వీధులు ఇరుకు, ఏటవాలు. బండిని కొండమీద క్యాంప్‌గ్రౌండ్‌లో వదిలి కాలినడకన దిగడమే తెలివి. ఫండీ అఖాతంలో ఆటుపోట్ల తేడా 16 మీటర్ల దాకా ఉంటుంది. పొద్దున సముద్రం ఉన్న చోట మధ్యాహ్నం నడవొచ్చు. కేప్ బ్రెటన్‌లోని కేబట్ ట్రయిల్ 298 కిలోమీటర్ల చుట్టుదారి. ఒక్క రోజులో చుట్టేసేవారున్నారు, ఆర్‌వీలో అది శిక్ష. షెటికాంప్‌లో రెండు రాత్రులు, ఇంగనిష్‌లో రెండు, బడెక్‌లో ఒకటి పెట్టుకోండి. బడెక్‌లో టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహమ్ బెల్ మ్యూజియం వానరోజుకు బాగా పనికొస్తుంది, ఇక్కడ వానరోజు ఒకటైనా వస్తుంది.

ఇబ్బంది ఏమిటంటే ఎక్కువమంది తెలుగువాళ్లుండే టొరంటో, కాల్గరీల నుంచి ఇక్కడికి విమానం ఎక్కాలి. అంటే కుక్కర్ నుంచి దుప్పట్ల దాకా లేకుండా రావాలి. అద్దె కంపెనీ ఇచ్చే గిన్నెలు గుడ్లు వేయించడానికి సరిపోతాయి, ఐదుగురికి అన్నం వండటానికి కాదు. ఎలక్ట్రిక్ కుక్కర్ ఒకటి సూట్‌కేసులో పెట్టుకోవడం ఉత్తమం.

టొరంటో వాళ్లకు: మానిటౌలిన్ ద్వీపం

అయిదారు రోజులే ఉన్నాయనుకుంటే ఇది చాలు. టొబర్‌మోరీ నుంచి చీ-చీమాన్ ఫెర్రీ రెండు గంటల లోపు అవతలికి చేరుస్తుంది. రుసుము బండి పొడవును బట్టి ఉంటుంది, పెద్ద బండికి గట్టిగానే తగులుతుంది. మంచినీటి సరస్సులోని ద్వీపాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది ఇదే. కగావాంగ్ జలపాతం వెనకకు వెళ్లి నిలబడొచ్చు. ప్రావిడెన్స్ బే ఇసుకతీరం చిన్నపిల్లలకు భద్రంగా ఉంటుంది. మూలవాసులైన అనిషినాబే ప్రజల ఊళ్లు ఈ ద్వీపంలో చాలా ఉన్నాయి. వారి నాట్యోత్సవాలకు బయటివారిని రానిస్తారు, ఫోటో తీసే ముందు అడగడం మర్యాద. తిరుగు ప్రయాణం లిటిల్ కరెంట్ వంతెన మీదుగా చేయండి. పడవల కోసం పగలు గంటకోసారి అది పక్కకు తిరుగుతుంది, వరసలో నిలబడి చూడటం పిల్లలకు ఫెర్రీ కంటే సరదా.

ఇక బండి

క్యాంపర్‌వ్యాన్ దాదాపు 20 అడుగులు. నడపడం తేలిక, ఇంధనం తక్కువ, ఎక్కడైనా పడుతుంది. ఇద్దరికి బాగుంటుంది. నలుగురైతే మూడో రోజుకు మాటలుండవు. పైగా సీటుబెల్టులు ఎన్ని, పిల్లల సీటు బిగించే కొక్కేలు ఎక్కడున్నాయి అన్నది ముందు అడగాలి. మోటార్‌హోమ్‌లోనూ ఇదే ప్రశ్న. భోజనబల్ల దగ్గరి సీట్లలో వెనక్కో పక్కకో తిరిగి ఉన్నవాటికి పిల్లల సీటు బిగించకూడదు. “ఆరుగురు పడుకోవచ్చు” అని ఉంటే ఆరుగురు సురక్షితంగా ప్రయాణించవచ్చని అర్థం కాదు.

డ్రైవరు నెత్తిమీద మంచం ఉండే మోటార్‌హోమ్‌లలో 24-25 అడుగులది చాలా కుటుంబాలకు సరైన కొలత. ఇద్దరు పెద్దలు, ఇద్దరు ముగ్గురు పిల్లలు. మామూలు కారు లైసెన్సుతో నడపొచ్చు. భారత లైసెన్సుతో వచ్చినవారిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టాలనుకుంటే అంతర్జాతీయ పర్మిట్ ఉందో లేదో, కంపెనీ ఒప్పుకుంటుందో లేదో ముందే తేల్చుకోండి. పై మంచం పిల్లలకు స్వర్గం, పెద్దలకు గండం. అమ్మానాన్నలు వస్తుంటే వెనక విడి మంచం, దాని పక్కనే బాత్రూమ్ ఉన్న నమూనా తీసుకోవాలి. అప్పుడు 28-30 అడుగులకు వెళ్లక తప్పదు. ఆ పొడవుతో జాతీయ పార్కుల్లో కొన్ని చోట్లు మీకు మూసుకుపోతాయి, చిన్న ఊళ్లలో మాత్రం ఇబ్బంది పెద్దగా ఉండదు. అందుకే అత్తమామలతో వెళ్లేవారికి ప్రెయిరీ దారి ఇంకా నప్పుతుంది.

బండి ఎత్తు మూడున్నర మీటర్ల పైనే. కాఫీ కోసం డ్రైవ్-త్రూలోకి అలవాటుగా తిప్పేస్తే పైకప్పు ఊడుతుంది. పైకప్పు నష్టాన్ని చాలా బీమాలు భరించవు. క్రెడిట్ కార్డుతో వచ్చే అద్దె కారు బీమా మోటార్‌హోమ్‌లకు సాధారణంగా వర్తించదు. మిగతా ఖర్చులు తగ్గించుకున్నా కంపెనీ అమ్మే బీమాను మాత్రం తగ్గించుకోకండి.

సొంత వాహనానికి ట్రైలర్ తగిలించుకుంటే దాన్ని క్యాంప్‌గ్రౌండ్‌లో వదిలి కారులో ఊరు తిరగొచ్చు, అది పెద్ద సుఖం. కాని మినీవ్యాన్ లాగగలిగేది 1,600 కిలోల లోపు. అందులో సామాను, మనుషుల బరువు కలిపి చూస్తే మిగిలే ట్రైలర్ బొమ్మరిల్లంత. కదులుతున్న ట్రైలర్‌లో ఎవరూ కూర్చోకూడదు, అంటే దారిలో బాత్రూమ్ సౌకర్యం పోయినట్టే. వెనక్కి నడపడం నేర్చుకోవడానికి ఓపిక కావాలి. ఇంతకంటే మంచి ఉపాయం యజమానులే ట్రైలర్ తెచ్చి క్యాంప్‌గ్రౌండ్‌లో నిలిపి, నీరూ కరెంటూ కలిపి ఇచ్చే ఏర్పాటు. ఆర్‌వీజీ లాంటి అద్దె వేదికల్లో ఇలా తెచ్చి ఇచ్చేవారు దొరుకుతారు. ఒకే ఊళ్లో వారమంతా ఉండేవారికి ఇది అన్నిటికంటే తేలిక.

మన వంట, మన స్నానం

గ్యాస్ పొయ్యి చిన్నదే అయినా కుక్కర్‌కు ఫరవాలేదు. సమస్య పోపుతో. ఎండుమిరపకాయ మాడిన వాసనకు పొగ అలారం అరిచి క్యాంప్‌గ్రౌండ్ మొత్తాన్ని లేపుతుంది. పోపు, వేపుడు బయట బల్ల మీద చిన్న స్టవ్ పెట్టుకుని చేయండి. ఇండక్షన్ స్టవ్ తెచ్చుకుంటే కరెంటు లెక్క తెలియాలి: 30 ఆంపియర్ల స్తంభం ఇచ్చేది 3,600 వాట్లు. ఏసీ ఒక్కటే 1,500 దాకా తింటుంది, ఇండక్షన్ మరో 1,800. రెండూ నడుస్తుండగా మైక్రోవేవ్ నొక్కితే అన్నీ ఆగిపోతాయి. 15 ఆంపియర్ల చోటైతే ఏదో ఒక్కటే. ఆవకాయ సీసాను కవరులో చుట్టి, సింకులో నిలబెట్టి ప్రయాణించండి. 13వ రహదారి గుంతలకు ఊరిన నూనె మూత దాటుతుంది.

వేడినీటి ట్యాంకు చాలా బండ్లలో 23 లీటర్లే. తలంటు పోసుకునే ఇంట్లో అది ఒకరికి సరిపోతుంది. స్నానాలు క్యాంప్‌గ్రౌండ్ షవర్లలో కానివ్వండి. మరుగుదొడ్డిలో మగ్గు వాడకం మనకు తప్పదు, దాంతో మలినాల ట్యాంకు తయారీదారు ఊహించిన దానికంటే త్వరగా నిండుతుంది. రెండు రోజులకోసారి ఖాళీ చేయాలి. కెనడాలో ఆ చోటును సానీ-డంప్ అంటారు, చిన్న ఊళ్లలో పెట్రోలు బంకు పక్కనో క్యాంప్‌గ్రౌండ్ గేటు దగ్గరో ఉంటుంది. చేతితొడుగులు వేసుకుని ముందు మలినాల ట్యాంకు, తర్వాత స్నానాల నీటి ట్యాంకు వదలాలి, అప్పుడు గొట్టం కొంత శుభ్రపడుతుంది. ఈ పని ఎవరిదో బయలుదేరే ముందే తేల్చుకోకపోతే బావమరుదుల మధ్య మనస్పర్థలు ఖాయం.

పప్పు, బియ్యం, కరివేపాకు కాల్గరీలోనే కొనేయండి, ఈస్టెండ్‌లో దొరకవు. పెరుగు, పాలు, కూరగాయలు కో-ఆప్ దుకాణాల్లో దొరుకుతాయి. కాని సాయంత్రం త్వరగా మూసేస్తారు, ఆదివారం కొన్నిచోట్ల తెరవరు. శాకాహారులు ప్రెయిరీ హోటళ్లలో పెరోగీలు అడగొచ్చు, యుక్రెయిన్ వలసదారులు తెచ్చిన బంగాళాదుంప పూర్ణాలవి. పైన పందిమాంసపు బేకన్ వేయవద్దని చెప్పాలి. బంగాళాదుంప వేపుళ్లు, చీజ్ కలిపిన పూటిన్ మీద పోసే గ్రేవీ సాధారణంగా మాంసపు రసంతో చేసిందే.

ఎప్పుడు, ఎంత ముందు

జులై, ఆగస్టు బండ్లకు చాలా కంపెనీలు కనీసం వారం రోజుల నిబంధన పెడతాయి, మంచి నమూనాలు చలికాలంలోనే అయిపోతాయి. జాతీయ పార్కుల రిజర్వేషన్లు సంవత్సరారంభ నెలల్లో తెరుస్తారు. ఒంటారియో పార్కులు అయిదు నెలల ముందు. చిన్న ఊళ్ల క్యాంప్‌గ్రౌండ్లకు ఇంత హడావిడి లేదు, కాని శుక్రవారం సాయంత్రానికి స్థానికులతో నిండిపోతాయి. వారాంతం ఎక్కడ గడపాలనుకుంటే అక్కడికి గురువారమే చేరుకోండి. జులై 1 కెనడా దినోత్సవాన చిన్న ఊళ్లో ఉండేలా చూసుకుంటే పాన్‌కేక్ అల్పాహారం, ఊరేగింపు, బాణసంచా దొరుకుతాయి. చీకటి పడ్డాక బండి నడపకండి, జింకలు రోడ్డెక్కే వేళ అది. ప్రెయిరీలో ట్యాంకు సగానికి రాగానే నింపేయండి.

నా తీర్పు

తాతయ్య, నానమ్మ, ఇద్దరు పిల్లలు, మొదటి ప్రయాణం: ప్రెయిరీ దారి, 28 అడుగుల మోటార్‌హోమ్, డ్రమ్‌హెల్లర్, సైప్రెస్ హిల్స్, ఈస్టెండ్‌లలో రెండేసి రాత్రులు. చంటిపిల్లలున్న దంపతులు: అదే దారి, 25 అడుగుల బండి, దూరం తగ్గించి మేపుల్ క్రీక్ నుంచి వెనక్కి. పెద్ద పిల్లలు, ఇంతకు ముందు ఆర్‌వీ నడిపిన అనుభవం: జూన్‌లో కూట్నీ, 25 అడుగులకు మించకుండా. ఇద్దరే అయితే క్యాంపర్‌వ్యాన్‌లో కేప్ బ్రెటన్, సెప్టెంబరు మూడో వారం తర్వాత, ఆకులు రంగు మారేటప్పుడు.

రెండు కుటుంబాలు కలిసి ఒకే పెద్ద బండిలో వెళ్దామనుకునేవారికి మాత్రం వద్దనే చెబుతాను. రెండు చిన్న బండ్లు తీసుకుని పక్కపక్క చోట్లు బుక్ చేసుకోండి. ఇక నాలుగు రోజుల సెలవే దొరికితే మోటార్‌హోమ్ జోలికి పోవద్దు. బండి తీసుకోవడం, తిరిగి ఇవ్వడంలోనే ఒకటిన్నర రోజు పోతుంది. మీ ఊరికి రెండు గంటల దూరంలో ఒక సరస్సు ఒడ్డు క్యాంప్‌గ్రౌండ్ చూసుకుని, అక్కడికే ట్రైలర్ తెప్పించుకోండి.